ఉప్పుకు కొదవ లేదు, నీటికే కరువు

కోడిక్కరై చిత్తడి నేలలకు అంతర్జాతీయ గుర్తింపు ఉంది, చట్టం అండ ఉంది. వాటిని బతికించే మంచినీరు మాత్రం ఎక్కడో ఎగువ నుంచి రావాలి

పటంలో తమిళనాడు తీరం వెంట చెన్నై నుంచి కిందికి వేలు జరుపుకుంటూ వస్తే, నాగపట్నం దాటాక నేల ఒక్కసారిగా పడమటికి తిరుగుతుంది. ఆ మలుపులో ఉన్న మత్స్యకారుల ఊరే కోడిక్కరై. తెలుగువారికి కోడి గుర్తొస్తుందేమో కానీ తమిళంలో ఆ పేరుకు కొస ఒడ్డు అని అర్థం. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పాక్ జలసంధి, దాని ఆవల శ్రీలంక. ఇలాంటి చోట దీపస్తంభం లేకపోతేనే ఆశ్చర్యం.

చోళుల కాలం నాటిదని చెప్పుకునే పాత స్తంభాన్ని 2004 డిసెంబర్ 26న సునామీ నేలకూల్చింది. బ్రిటిష్ హయాంలో మరొకటి వచ్చింది. ఇప్పుడు ఓడలకు దారి చూపుతున్నది ఆ తర్వాత కట్టిన ఎత్తయిన స్తంభం. కల్కి నవల 'పొన్నియిన్ సెల్వన్' చదివినవారికి, 2022లో తెలుగులోనూ వచ్చిన ఆ సినిమా చూసినవారికి పడవ నడిపే పూంగుళలి ఊరుగా కోడిక్కరై పరిచయమే.

అయితే ఈ ఊరి అసలు ఆస్తి స్తంభం వెనక ఉంది. ముందు పొట్టి చెట్ల అడవి, అందులో కృష్ణజింకలు. వాటి కోసమే 1967లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ తర్వాత పడమటి దిక్కున ముత్తుపేట మడ అడవుల దాకా పరుచుకున్న ఉప్పు చిత్తడి. వానాకాలంలో అదొక మహా సరస్సు, వేసవిలో తెల్లటి పొరతో మెరిసే ఎండు నేల. శీతాకాలంలో ఫ్లెమింగోలు ఇక్కడికే వస్తాయి. ఆర్కిటిక్ తీరాల్లో గుడ్లు పెట్టే ఉల్లంకి పిట్టలూ వస్తాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దశాబ్దాలుగా వాటి కాళ్లకు ఉంగరాలు తొడిగి రాకపోకలు నమోదు చేస్తున్నారు. ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటైన చెంచా ముక్కు ఉల్లంకి కూడా ఇక్కడ కనిపించిన దాఖలాలున్నాయి.

2002 ఆగస్టు 19న సుమారు 38,500 హెక్టార్ల ఈ ప్రాంతం రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైంది. అదే రోజు ఆ జాబితాలో చేరిన మరో పేరు మన కొల్లేరు. పోలిక తేదీతో ఆగిపోలేదు. కొల్లేరులో నీటికి అడ్డుపడినవి చేపల చెరువుల గట్లయితే, ఇక్కడ ఉప్పు మడుల గట్లు.

ఉప్పును తప్పుపట్టడం మాత్రం ఇక్కడ అంత తేలిక కాదు. 1930 ఏప్రిల్ 13న రాజాజీ సుమారు వంద మంది సత్యాగ్రహులతో తిరుచిరాపల్లిలో బయల్దేరి, 240 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 28న చేరింది కోడిక్కరై పక్కనే ఉన్న వేదారణ్యానికే. వారికి ఆశ్రయమిస్తే జైలేనని తంజావూరు కలెక్టర్ హెచ్చరించినా జనం చెట్ల కొమ్మలకు అన్నం పొట్లాలు కట్టి ఉంచారట. ఏప్రిల్ 30న రాజాజీ ఉప్పు పోగుచేసి అరెస్టయ్యారు. తెల్లవాళ్ల చట్టాన్ని ధిక్కరించి సాధించుకున్న ఆ ఉప్పే నేడు వేలాది కుటుంబాలకు కూలి. వానలు వెనకబడ్డాక మొదలయ్యే పని మళ్లీ వానలొచ్చే దాకా సాగుతుంది. నడినెత్తిన ఎండ, కళ్లలోకి కొట్టే తెల్లని మెరుపు, కాళ్లను కొరికే ఉప్పునీరు. 2023 ఏప్రిల్‌లో తిరుత్తురైపూండి నుంచి అగస్త్యంపల్లి దాకా బ్రాడ్‌గేజ్ రైలు మార్గం తిరిగి మొదలైనప్పుడు ఉప్పు రవాణాపైనే ఆశలు పెట్టుకున్నారు.

చిన్న మడులతో చిత్తడికి పెద్ద పేచీ లేదు. సముద్రపు నీటిని తోడి విశాలమైన జలాశయాల్లో నిలబెట్టే పారిశ్రామిక ఉత్పత్తితోనే చిక్కు. గట్లు ఆటుపోట్లకు, వరదనీటికి అడ్డుపడతాయి. ఉప్పు తీశాక మిగిలే చేదు నీటిని వదిలితే చుట్టుపక్కల లవణ సాంద్రత పెరుగుతుంది. నీరు మరీ ఉప్పుదేలితే చేపపిల్లలు, పురుగులు బతకవు. అవి లేని చోట పక్షులు దిగవు. ఇక్కడ పక్షుల రాక తగ్గుతోందని పరిశోధకులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు.

ఉప్పదనానికి విరుగుడు మంచినీరు. ఈశాన్య రుతుపవనాల వానతో పాటు కావేరి పాయలు, కాలువలు తెచ్చే నీరే చిత్తడిని ఏటా కడిగేది. కానీ కోడిక్కరై డెల్టాకు చిట్టచివర ఉంది. 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక, ఆపై ఎగువన వాడకం పెరిగాక చివరికి చేరేది తక్కువే. 2007లో కావేరి ట్రైబ్యునల్ 740 టీఎంసీలను పంచినప్పుడు పర్యావరణం పేరిట పక్కనపెట్టింది 10. సముద్రంలోకి తప్పక పోయేదని లెక్కగట్టింది మరో 4. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కర్ణాటక, తమిళనాడు వాటాలు సవరించింది తప్ప ఆ పద్నాలుగును కదపలేదు. రెండు రాష్ట్రాలూ ప్రతి టీఎంసీకీ పోట్లాడాయి. చిత్తడి తరఫున పోట్లాడే రాష్ట్రం లేదు.

దీనికి ప్రకృతి దెబ్బలు తోడయ్యాయి. 2018 నవంబర్ 16న వేదారణ్యం ప్రాంతంలో తీరం దాటిన గజ తుపాను అడవిని నేలమట్టం చేసింది, కృష్ణజింకలను ఈడ్చుకుపోయింది. చెట్లు కూలిన చోట సర్కారు తుమ్మ పాకకుండా చూడటం అటవీ శాఖకు మరో పని.

అభయారణ్యం సరిహద్దు రాళ్లు వేటను ఆపగలవు. నీటి లెక్కను అవి మార్చలేవు. కావేరి పంపకంలో పర్యావరణానికి రాసిపెట్టిన వాటా డెల్టా చివరి దాకా చేరుతోందా అన్నది ఏటా కొలవాలి. గట్లకు తూములు పెట్టి, వానల రోజుల్లో వరదకు దారి వదలాలి. కోట్లు కుమ్మరించాల్సిన పనులు కావివి, బాధ్యత పంచుకోవాల్సినవి. 1930లో ఇక్కడ తేలాల్సిన ప్రశ్న ఉప్పు ఎవరిదని. ఇప్పుడు తేలాల్సింది నీరు ఎవరిదని.