ముల్లు మాట, అంకె మాట



ఈ సంచికలో కవితలు రాసేవాళ్లు ఉంటారు, దేశ సమస్యలు చర్చించేవాళ్లు ఉంటారు. నేను రాయబోయేది పెట్రోలు టాంకు గురించి. "ఇదేం సబ్జెక్టురా బాబూ!" అని పేజీ తిప్పెయ్యకండి. క్యాంటీన్‌లో నలుగురం చేరితే బళ్ల మైలేజి మీద అరగంట మాట్లాడతాం. కాని డాష్‌బోర్డు మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతుంది" అని వెలిగే అంకె ఎక్కణ్ణించి వస్తుందో చెప్పమంటే చాలామందిమి నీళ్లు నములుతాం. నేనూ అలా నమిలినవాణ్ణే. నా చేత ఆ పాఠం చదివించింది ఒక వానరాత్రి.

మాది బంటుమిల్లి దగ్గర పల్లె. ఆ రాత్రి మా బాబాయికి ఆయాసం ముంచుకొచ్చింది. అదృష్టం కొద్దీ బాబాయి కొడుకు, మా అన్నయ్య, ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి కారులో దిగాడు. బాబాయిని వెనక సీట్లో కూర్చోబెట్టి బంటుమిల్లిలో డాక్టరు గారింటికి తీసుకెళ్లాం. బయలుదేరేటప్పుడు డాష్‌బోర్డు మీద 58 అని ఉంది. "బందరు పోవాల్సొచ్చినా పాతిక ముప్ఫై కిలోమీటర్లేగా, దానికి రెండింతలుంది" అన్నాడు అన్నయ్య. నేనూ సరేనన్నాను.

డాక్టరు గారు కారు దగ్గరకే వచ్చి ఇంజెక్షను చేసి, కాసేపు చూద్దామన్నారు. బయట వాన, లోపల అద్దాలు మసకబారుతున్నాయి. ఏ.సి. వేసి ఇంజను ఆపకుండా గంటసేపు అక్కడే ఉన్నాం. ఆయాసం తగ్గలేదు. "ఇక బందరు తీసుకెళ్లండి" అన్నారాయన. మెయిన్ రోడ్డు మీద ఒకచోట నీళ్లు నిలిచాయని విని, కాలవగట్టు దారి పట్టాం. గోతుల్లో మొదటి గేరు, రెండో గేరు తప్ప మూడో గేరు పడితే ఒట్టు. అన్నయ్య కళ్లు రోడ్డు మీద, నా కళ్లు బాబాయి మీద. ఇంచుమించు 19 కిలోమీటర్లు వచ్చాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చుట్టూ చీకటి, చేపల చెరువులు, కప్పల అరుపులు. ఆ నిశ్శబ్దంలో బాబాయి ఊపిరి చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

దాదాపు అరగంటకు చేపల ట్రేలతో ఒక వ్యాను వచ్చింది. ఆ డ్రైవరు ఎవరో, ఏ ఊరో తెలియదు. మాట్లాడకుండా దిగి, బాబాయిని ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. అన్నయ్య వెంట వెళ్లాడు. బాబాయి బతికాడు. నేను తెల్లవారేదాకా కారు దగ్గర కాపలా ఉన్నాను. 58 అని చూపించిన కారు 19కే ఎలా ఆగింది? అదొక్కటే ప్రశ్న.

మేస్త్రి గారి పాఠం

ఆ ప్రశ్న పట్టుకుని మా వూరి పక్క షెడ్డు మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. కారుకేదో జబ్బు ఉందనుకున్నాను. ఆయన అంతా చూసి, "కారుకేం లేదు అబ్బాయ్, లెక్క చూసుకోవడం మీకు రాలేదు" అన్నాడు. తర్వాత ఒక మాట అడిగాడు. "మీ నాన్నది శివారు పొలం కదా. బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఇంత ఉందని పేపర్లో చూసి నారు పోస్తాడా?"

పొయ్యడు. మన బంటుమిల్లి కాలవ శివారు రైతు ఎవరైనా ముందు ఇంకో సంగతి వాకబు చేస్తాడు: పైన ఎన్ని తూములు తెరిచారు, ఎవరెవరు ఎంత వాడుతున్నారు అని. మట్టం ఒక లెక్క, వాడకం ఇంకో లెక్క. ఈ రెండూ కలిస్తేనే నీళ్లు ఎన్నాళ్లొస్తాయో తెలుస్తుంది. కారులోనూ అంతే. ముల్లు మట్టం చెబుతుంది. అంకె, నిన్నటి వాడకాన్ని బట్టి రేపటిని ఊహించి చెబుతుంది.

ముల్లు ఎలా పనిచేస్తుంది?

టాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. దానికొక సన్నటి కడ్డీ. పెట్రోలు తగ్గితే బెండు దిగుతుంది, కడ్డీ కదులుతుంది, దానితో కరెంటు దారిలో అవరోధం మారుతుంది. ఆ మార్పే డాష్‌బోర్డు మీద ముల్లును కదిలిస్తుంది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్లో గాని, నిన్న షోరూము నుంచి దిగిన బండిలో గాని మూలసూత్రం ఇదే. పాత బళ్లలో గోతికో ఊపు ఊగేది ముల్లు. ఇప్పటి బళ్లలో ఆ ఊపు కనబడకుండా నిదానంగా కదిలేలా చేశారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి: టాంకు బిందెలా నున్నగా ఉండదు. సీటు కింద ఇరుకులో ఇమడడానికి వంకరటింకరగా చేస్తారు. కాబట్టి ముల్లు సగం దగ్గర ఉంటే పెట్రోలు కచ్చితంగా సగం ఉందని కాదు. రెండు: బండి వాలుగా నిలబడితే లోపలి పెట్రోలు ఒక పక్కకు చేరుతుంది, బెండు ఉన్న చోటును బట్టి ముల్లు ఎక్కువో తక్కువో చూపిస్తుంది. కాలవగట్టు వాలున నిలిపి ముల్లు చూసుకోవడం ఏటవాలు కాటాలో బెల్లం తూచడమే.

అంకె ఎలా పుడుతుంది?

ఇప్పటి కార్లలో ఇంజనుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో బండిలోని కంప్యూటరు లెక్క కడుతుంది. దాన్ని బట్టి ఖర్చయిన పెట్రోలు తెలుస్తుంది. చక్రాలు తిరిగిన లెక్కను బట్టి దూరం తెలుస్తుంది. రెండింటి నుంచి ఈమధ్య నడిచిన దారికి లీటరు సగటు తీస్తుంది. టాంకులో మిగిలిన లీటర్లను ఆ సగటుతో గుణిస్తుంది. వచ్చిన జవాబే మనకు కనబడే అంకె. ఎంత దారిని సగటుకు తీసుకోవాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా పెట్టుకుంటుంది.

మా కారు కథకు మేస్త్రి గారు కాగితం మీద లెక్క వేశాడు. ఇవి ఉజ్జాయింపు అంకెలే, కాని సంగతి తెలుస్తుంది. అన్నయ్య హైదరాబాదు నుంచి హైవే మీద ఒకే వేగంతో వచ్చాడు. సగటు లీటరుకు 20. 58ని 20తో భాగిస్తే టాంకులో ఉన్నది 2.9 లీటర్లు. డాక్టరు గారింటి ముందు ఏ.సి.తో గంటసేపు ఆడిన ఇంజను దాదాపు ఒక లీటరు తాగింది. ఒక్క గజం కూడా కదలకుండానే! మిగిలింది 1.9 లీటర్లు. గట్టు మీద మొదటి, రెండో గేర్లలో లీటరుకు 10 వచ్చిందనుకుంటే 19 కిలోమీటర్లు. కారు ఆగింది అక్కడే.

మరి అంకె అబద్ధం ఆడిందా? లేదు. హైవే మీద నడిచినట్టే నడిపితే 58 వస్తుందంది. మనం నడిపింది హైవే కాదు. పైగా అంకె దారిలో పడిపోతూనే ఉండి ఉంటుంది. చాలా కార్లలో బాగా తగ్గాక అంకె మాయమై ఉత్త గీతలు వస్తాయి. మేం బయలుదేరేటప్పుడు చూసిన 58నే మనసులో పెట్టుకుని కూర్చున్నాం.

సొంత లెక్క: టాంకు నుంచి టాంకుకి

దీనికి కంప్యూటరు అక్కర్లేదు, ఒక చిన్న నోటుబుక్కు చాలు. బంకులో పంపు దానంతటది ఆగేదాకా టాంకు నింపించండి. మీటరు అంకె రాసుకోండి. అలవాటుగా తిరగండి. మళ్లీ వీలైతే అదే బంకులో, అలాగే నింపించి, పట్టిన లీటర్లూ మీటరు అంకే రాయండి. ఉదాహరణకు మొదట 42,310, తర్వాత 42,646. తిరిగింది 336 కిలోమీటర్లు. పట్టింది 21 లీటర్లు. భాగిస్తే లీటరుకు 16. అదే సమయంలో డాష్‌బోర్డు సగటు 18 అంటుంటే, మీ కారు కాస్త గొప్పలు పోతోందన్న మాట. అది 90 కిలోమీటర్లు అంటే మీరు 80 అనుకోవాలి. మూడు నాలుగు టాంకుల లెక్క రాస్తే మీ బండి స్వభావం మీ చేతిలో ఉంటుంది.

ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది. మైలేజి ఉన్నట్టుండి పడిపోతే అది జ్వరం లాంటిది, లోపల ఏదో ఉందని చెబుతుంది. టైర్లలో గాలి తగ్గిందా, బ్రేకు పట్టేసిందా, ఏర్ ఫిల్టరు పూడిందా అని వెతకొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చిన పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజి కొంత తగ్గడం సహజం. దానికి మెకానిక్‌ని తిట్టి లాభం లేదు.

నెలకో గంట

మేస్త్రి గారు నాకు నేర్పిన పనులు రాస్తున్నాను. ఏదీ బ్రహ్మవిద్య కాదు.

టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు చట్రం మీద చీటీ అంటించి ఉంటుంది. ఇంజను ఆయిలు చూడాలంటే బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, కొద్ది నిమిషాలాగి పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచాలి. తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తియ్యకూడదు, వేణ్ణీళ్లు మొహాన చిమ్ముతాయి. బ్రేకు ఆయిలు డబ్బాలో గుర్తు కంటే దిగిందంటే పోసి ఊరుకోకుండా ఎందుకు దిగిందో చూపించాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా మరికొన్ని. కోతలూ నూర్పిళ్లూ జరిగే రోజుల్లో గాలినిండా దుమ్ము, ఊక. ఏర్ ఫిల్టరు తొందరగా పూడుతుంది, ఆ సీజను అయ్యాక విప్పి చూడాలి. సముద్రపు గాలికి బ్యాటరీ కొసల మీద తెల్లటి పూత పేరుకుంటుంది. ఇంజను ఆపి, వైర్లు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి బిగించాలి. ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగిన బండిని అడుగు భాగం కూడా మంచినీళ్లతో కడగాలి, లేకపోతే తుప్పు తినేస్తుంది. వాననీళ్లలో బండి ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్టు చెయ్యకండి. ఇంజనులోకి నీళ్లు పోయి ఉంటే లోపల కడ్డీలు వంగిపోతాయి. బయటికి నెట్టి మెకానిక్‌ని పిలవండి.

టాంకును అడుగంటనివ్వడం కూడా మంచిది కాదు. ఇప్పటి పెట్రోలు కార్లలో పంపు టాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. మాటిమాటికీ ఎండబెడితే పంపు కాలుతుంది. డీజిలు బండి ఎండితే పైపుల్లో గాలి చేరి, డీజిలు పోసినా లేవక మొరాయిస్తుంది. అందుకే మేస్త్రి గారి సూత్రం: "ముల్లు పావు దగ్గరికొస్తే ఖాళీ అనుకో." తుఫాను కబురు వినబడితే ఆ పావు కూడా కాదు, నిండుగా ఉండాలి. కరెంటు పోతే బంకులో పంపు కూడా ఆగొచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలను అడగండి, కబురు అందాక ముందే సర్దుకోవడమంటే ఏమిటో వాళ్లు చెబుతారు.

చివరిగా ఒక మనవి

మన యూనియను ఏటా ఆటల పోటీలు పెడుతుంది, పాటల పోటీలు పెడుతుంది. ఒక ఆదివారం పూట ఒక మేస్త్రి గారిని గౌరవంగా పిలిచి, కాలేజీ ఆవరణలో ఒక కారు బానెట్ ఎత్తించి, విద్యార్థులూ విద్యార్థినులూ అందరూ చేతులకు ఆయిలు అంటించుకునే క్లాసు ఒకటి పెడితే ఎలా ఉంటుంది? ఫిజిక్సులో అవరోధం గురించి చదివి పరీక్ష రాసిన నాకు, టాంకులో తేలే బెండు దాంతోనే మాట్లాడుతుందని షెడ్డులో గాని తెలియలేదు.

బాబాయి ఇప్పుడు బాగున్నాడు. మొన్న పండక్కి అన్నయ్య కారులో గుడివాడ బయలుదేరుతుంటే, వెనక సీట్లోంచి బాబాయే అడిగాడు: "ఒరేయ్, అంకె ఎంతుందో నాకొద్దు గాని, లీటర్లు ఎన్నున్నాయో చెప్పు."