ఓరియాడులు - గ్రీకుల గిరికన్యలు

గ్రీకు భాషలో 'ఓరోస్' అనగా పర్వతము. పర్వతకన్యలగు ఓరియాడులను మనము అప్సరసలనియో, పరీలనియో అనువదింతుము. ఆ మాట చాలదు. ప్రతిధ్వనిగా మారిన ఎకో కథ అందరెరిగినదే, దానిని విడుతము.

ఆఫ్రొడైటీని గూర్చిన ప్రాచీన స్తోత్రము ప్రకారము ఈ కన్యలు చిరాయువులే గాని అమరులు కారు. వారితోపాటే కొండపై ఫర్, ఓక్ వృక్షములు మొలచును. ఆ చెట్టు ఎండి, బెరడు వడలి, కొమ్మలు రాలిననాడు కన్యయు ప్రాణము విడుచును. చావెరిగిన వారు గనుకనే కాబోలు, వారికి మృతులపై జాలి కలదు. 'ఇలియడ్' ఆరవ కాండములో ఆండ్రొమకీ తన తండ్రి మరణమును భర్త హెక్టరుతో చెప్పును. అతనిని చంపిన అకిలీజే సగౌరవముగా దహనమొనర్చి సమాధి కట్టెను. దాని చుట్టును ఎల్మ్ చెట్లు నాటినవారు గిరికన్యలు. ఆమె భర్తయు ఆ అకిలీజు చేతనే మరణింపనున్నాడు.