ఖాతాలో పరాయి సొమ్ము పడితే: వాడుకోవద్దు, తొందరపడి పంపేయనూ వద్దు

యూఏఈలోని మన కుటుంబాల్లో చాలామందికి జీతం ఖాతాతో పాటు షేర్లకో, మ్యూచువల్ ఫండ్లకో ఒక పెట్టుబడి ఖాతా కూడా ఉంటుంది. ఒకరోజు అందులో లెక్కకు అందని సొమ్ము కనిపిస్తే? డివిడెండా, రిఫండా, ఎవరి పొరపాటైనా జరిగిందా అన్నది తేలేదాకా ఆ డబ్బు మీది కాదు.

2021లో దుబాయ్‌లో ఒక భారతీయుడి బ్యాంకు ఖాతాలో 5,70,000 దిర్హాములు జమ అయ్యాయి. వైద్య సామగ్రి అమ్మే ఒక సంస్థ తన సరఫరాదారుకు పంపబోయి ఆయనకు పంపింది. అందులోంచి ఆయన ఇంటి అద్దె, బిల్లులు కట్టేశారు. తిరిగి ఇమ్మంటే, అడిగేవాళ్లే అసలు యజమానులని నమ్మకమేమిటన్నారు. కోర్టు నెల రోజుల జైలు, అంతే మొత్తం జరిమానా, దేశ బహిష్కరణ విధించింది. ఆయన అనుమానం సబబే కావచ్చు. కానీ అనుమానం ఉన్న డబ్బును బ్యాంకుకు చూపించాలి గానీ వాడుకోకూడదు.

యూఏఈ 2021 శిక్షాస్మృతిలోని 454వ ఆర్టికల్ ప్రకారం, పొరపాటున చేతికొచ్చిన పరాయి సొత్తును సొంతం చేసుకోవాలని చూడటం నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా కనీసం 20,000 దిర్హాముల జరిమానా పడవచ్చు. వీసా మీద ఆధారపడిన కుటుంబానికి ఇది ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు అన్నిటినీ కదిలించే విషయం.

‘ఎవరూ అడగలేదు కదా’ అన్న ధీమా కూడా పనికిరాదు. ఆస్ట్రేలియాలో 2021 మేలో క్రిప్టో డాట్ కామ్ ఒక ఖాతాదారుకు 100 డాలర్ల రిఫండ్ బదులు కోటి డాలర్లకు పైగా పంపింది. డిసెంబరు ఆడిట్‌లో గానీ ఆ సంగతి బయటపడలేదు. ఆ సొమ్ముతో కొన్న ఇంటిని అమ్మాలని కోర్టు ఆదేశించింది.

అందుకే ముందుగా స్టేట్‌మెంట్ సేవ్ చేసుకోండి. ఆటోమేటిక్ పెట్టుబడి ఉంటే ఆపించండి. ఆ సొమ్ముతో షేర్లు కొనొద్దు, ఇండియాకు పంపొద్దు. బ్రోకరుకు లేదా బ్యాంకుకు అదే రోజు ఈమెయిల్ రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఇక్కడే రెండో ప్రమాదం ఉంది. ‘పొరపాటున మీకు పంపాను, ఈ ఖాతాకు తిరిగి వేయండి’ అని ఎవరో ఫోన్ చేస్తారు. వేయకండి. వచ్చింది దొంగ సొమ్మయితే, దాన్ని చేతులు మార్చినవారు మీరవుతారు. అసలు బదిలీ రద్దయితే మీ జేబులోంచే పోతుంది. జమ అయిన దారిలోనే, సంస్థ ద్వారానే వెనక్కి వెళ్లాలి. బెదిరిస్తే దుబాయ్ పోలీసులకు 901లో చెప్పండి.

కొంత ఖర్చయిపోయి ఉంటే దాచొద్దు. ఎంత వాడారో, ఎన్ని వాయిదాల్లో కట్టగలరో రాతపూర్వకంగా చెప్పండి. అవసరమైతే లాయరును కలవండి. చివరికి ‘మొత్తం అందింది, బాకీ ఏమీ లేదు’ అన్న ఉత్తరం చేతికి వచ్చాకే ఆ ఫైలు మూయండి.