గేమ్‌కి సొంత మోడ్ చేస్తున్నారా? ఈ ఒక్క ఫైల్ మర్చిపోవద్దు!

గద్వాల కోట, వనపర్తి రాజభవనం, నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల అడవి.. ఇవన్నీ లువాంటీలో కట్టేయొచ్చు. 2024 దాకా మైన్‌టెస్ట్ పేరుతో ఉన్న ఈ శాండ్‌బాక్స్ ప్లాట్‌ఫామ్ ఫ్రీ. ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది.

మీరు ‘నల్లమల’ మోడ్ చేశారనుకుందాం. కోడ్‌లో 20 పులులు అని రాసేశారు. మీ ఫోన్‌లో ఓకే.. పాత ఫోన్ ఉన్న ఫ్రెండ్‌కి మాత్రం గేమ్ హ్యాంగ్! తగ్గించుకుందామంటే కోడ్‌లో వేలు పెట్టాల్సిందే.

దీనికి పరిష్కారం సింపుల్. మోడ్ ఫోల్డర్‌లో ‘సెట్టింగ్‌టైప్స్’ అనే టెక్స్ట్ ఫైల్ పెట్టండి. అందులో ఒక్క లైన్ చాలు: సెట్టింగ్ పేరు, మెనూలో కనిపించే పేరు, రకం, డిఫాల్ట్ 5, కనిష్ఠం 0, గరిష్ఠం 20. అంతే.. సెట్టింగ్స్ మెనూలో పులుల ఆప్షన్ వచ్చేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ డిఫాల్ట్ మెనూలో చూపించడానికే. ప్లేయర్ ఏమీ మార్చకపోతే కోడ్‌కి అందేది ఖాళీనే. అప్పుడు మోడ్ ఆగిపోవచ్చు. అందుకే లువా కోడ్‌లోనూ ‘విలువ లేకపోతే 5’ అని రాయాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎవరైనా నేరుగా 500 అని కొట్టొచ్చు కాబట్టి, 20 దాటకుండా కోడ్‌లోనే చెక్ పెట్టాలి.

ఇక ఎన్ని పులులు ఉండాలో ఆడేవాళ్ల ఇష్టం!