తెర మీది అక్షరాలు – చిన్నాన్న చుట్ట

“ధూమపానం ఆరోగ్యానికి హానికరం” అని టీవీలో సినిమా అడుగున కనిపించగానే మా చిన్నాన్న మనుమరాలు బిగ్గరగా చదువుతుంది. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల. నేను దసరాకు వెళ్ళినపుడు చదివి ఊరుకోక, “తాతయ్యా, నీక్కూడానా?” అని అడిగింది. చిన్నాన్న చేతిలోని చుట్ట దించకుండానే నావైపు తిరిగి, “ఏమిరా వైద్యుడా, ధూమపానం చరకుడే చెప్పాడు కదరా!” అన్నారు.

ఈ మాట నా వద్దకు వచ్చేవారు పలువురు అంటూంటారు. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో ధూమపానం ఉన్న మాట నిజమే. అయితే అక్కడి ధూమవర్తి ఏలకులు, చందనం, వట్టివేరు, అగరు, గుగ్గులు వంటి ద్రవ్యాలతో చేసినది. నియమిత సమయాలలో, మితంగా పీల్చవలసినది. అకాలంలో, అతిగా సేవిస్తే చెవుడు, అంధత్వం, రక్తపిత్తం, తలతిరుగుడు కలుగుతాయని ఆ గ్రంథమే హెచ్చరించింది. పొగాకు అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశం చేరేనాటికి చరకుని కాలం గడిచి వెయ్యేళ్ళు దాటింది. తెర మీద “పొగాకు” అని సూటిగా వేస్తే ఈ తికమక ఉండదని నా అభిప్రాయం.

ఆ అక్షరాలు తేలికగా రాలేదు. 2003 నాటి చట్టం ఆధారంగా 2005లో సినిమాలలో పొగ త్రాగే దృశ్యాలనే నిషేధించబూనగా, 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2012 అక్టోబరు 2 నుండి అటువంటి చిత్రాలకు మొదట, మధ్యలో కనీసం 30 సెకన్ల ప్రకటన, దృశ్యం సాగినంతసేపు అడుగున హెచ్చరిక తప్పనిసరి అయినవి. 2023 సెప్టెంబరు 1 నుండి ఓటీటీలకూ నియమం వర్తించింది.

చిన్నాన్నతో వాదం పెట్టుకోలేదు. నోరు తెరవమన్నాను. ఎడమ బుగ్గ లోపల తెల్లని మచ్చ, తుడిచినా పోలేదు.

“కారం తగిలి ఉంటుంది లేరా. త్రిఫల కషాయమిస్తే పుక్కిలిస్తాను.”

“ఇవ్వను చిన్నాన్నా. రేపు మీరు నాతో పట్నం రావాలి.”

నోటిలో తెల్లని, ఎర్రని మచ్చ గాని, పుండు గాని రెండు వారాలకు మానకున్నా, నోరు మునుపటివలె తెరుచుకోకున్నా పుక్కిలింతలతో కాలయాపన తగదు. దంతవైద్యునికి చూపవలసిందే. చుట్ట మీదికి మనసు పోయినపుడు లవంగమో, సోంపో నోట వేసుకోవచ్చు. మానడానికి తోడు కావలసినవారికి 1800-11-2356 ప్రభుత్వ ఉచిత ఫోను.

బయాప్సీలో క్యాన్సరు లేదని వచ్చింది గాని, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకొమ్మన్నారు. చుట్టల కట్ట ఇంకా అటక మీదనే ఉన్నదని పిన్ని చెప్పింది. చిన్నాన్న జేబులో మాత్రం లవంగాల డబ్బీ ఉంటున్నదట.