శాస్త్రవ్యాసమునకు ఆధారములను చూపు విధానము

పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరిగినప్పుడెల్ల విద్యార్థులు నివేదికలను వ్రాసి తెత్తురు. పటములు చక్కగా నుండును; అక్షరములు ముత్యములవలె నుండును. కడపటి పుటకు వచ్చుసరికి మాత్రము "ఆధారము: ఇంటర్నెట్" అని ఒక్క మాట కానవచ్చును. "మీ యిల్లెక్కడ?" అని యడిగినవానికి "చెన్నపట్టణమున" అని బదులు చెప్పినట్లున్నది గదా! అబద్ధము కాదు, కాని ఆ మాటను పట్టుకొని ఎవరును ఇల్లు చేరజాలరు.

ఆధారమును చూపుట పాశ్చాత్యులు మనకు క్రొత్తగా నేర్పిన విద్య కాదు. మెదకు సీమవాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూని, మూలము లేని మాట నొక్కటియు వ్రాయనని మొదటనే చెప్పెను. పదమునకు అర్థము చెప్పిన వెంటనే అది ఏ నిఘంటువునందున్నదో చెప్పును; అమరకోశము నుండి గ్రహించినచో "ఇత్యమరః" అని ముగించును. నేటి శాస్త్రపత్రికలు కోరునది దీనికంటె భిన్నమైనది కాదు. ఐతే పండితులకు అమరకోశము కంఠస్థము గనుక ఆనాడు పేరు చెప్పిన చాలెను. నేడు పత్రికలు వేలకొలదిగా నున్నవి. కావున రచయిత పేరు, వ్యాసము పేరు, పత్రిక, సంవత్సరము, సంపుటము, పుటలు అన్నియు చెప్పక తప్పదు.

ఒక ఉదాహరణమును చూతము. భీమవరమున 1895లో జన్మించి, ఈ నగరముననే తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునందును, ప్రెసిడెన్సీ కళాశాలయందును, మదరాసు వైద్య కళాశాలయందును చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినియుందురు. ఆయన అమెరికాకు పోయి, హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలసి, భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని రూపొందించెను. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణిని చేర్చినచో నీలివర్ణము కలుగును. నీలిమ ఎంత గాఢముగా నున్న భాస్వరము అంత అధికముగా నున్నదని అర్థము. ఆ వ్యాసమును శాస్త్రజ్ఞులు తమ పట్టికలలో నిట్లు చూపుదురు: ఫిస్కే సి.హెచ్., సుబ్బారావు వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె. బయోల్. కెమ్. 1925, 66: 375-400.

ఇందు తొలుత రచయితల పేర్లు, పిదప వ్యాసము పేరు ఉన్నవి. "జె. బయోల్. కెమ్." అనగా జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ. ఈ కుదింపును వ్రాయువాడు తనకు తోచినట్లు చేయరాదు; ఒక్కొక్క పత్రికకు నియతమైన సంక్షేపము కలదు. 1925 ప్రచురణ సంవత్సరము, 66 సంపుటము, మిగిలినవి మొదటి పుట, చివరి పుట. ఇంత చిన్న పంక్తిని చేతబట్టుకొని ఏ దేశపు గ్రంథాలయమునకు పోయినను ఆ వ్యాసము ముందర నిలుచును.

దీనివలన కలుగు మరియొక లాభమును గమనింపుడు. ఆ వ్యాసము 26 పుటలు. తరువాతి కాలమున రక్తమునందలి భాస్వరమును కొలిచిన వైద్యుడు గాని, జీవరసాయనజ్ఞుడు గాని ఆ 26 పుటలను మరల వ్రాయనక్కరలేదు. "ఫిస్కే, సుబ్బారావుల పద్ధతిని కొలిచితిమి" అని వ్రాసి ప్రక్కన ఆధారపు సంఖ్య వేసిన చాలును. అట్లు వేసినవారెందరో! సుబ్బారావుగారు 1948లో మరణించిరి. వారికి నోబెల్ బహుమానము రాలేదు. ఐనను ప్రపంచమునందలి శాస్త్రపత్రికల చివరి పుటలలో వారి పేరు దశాబ్దములపాటు అచ్చగుచునే యుండెను.

ఆధారమును వ్యాసము నడుమ సూచించు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది వాక్యము చివర సంఖ్యను వేసి, కడపట అదే వరుసలో పట్టిక నిచ్చుట. వైద్యపత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడాలోని వాంకూవరు నగరమున సమావేశమై నియమములను ఏర్పరచిరి గనుక దీనికి వాంకూవరు పద్ధతియని పేరు. రెండవది "ఫిస్కే, సుబ్బారావు, 1925" అని పేరును సంవత్సరమును వాక్యముననే చూపి, కడపట అక్షరక్రమమున పట్టిక నిచ్చుట. ఇది హార్వర్డు పద్ధతి. అచ్చటి జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు లారెన్స్ మార్క్ 1881లో ఒక నత్తజాతి ప్రాణిని గూర్చిన వ్యాసమున దీని నుపయోగించెను. ఏది మేలని వాదింప బనిలేదు. ఏ పత్రికకు పంపుదుమో దాని నియమమే మనకు శాసనము. ఒక వ్యాసమున రెండు పద్ధతులను కలపరాదు.

ఇక పేరుల విషయము. మనవారికి అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పాశ్చాత్యులకు వంశనామము చివర వచ్చును. దానిని ముందునకు తెచ్చి, తక్కిన పేరును పొడి అక్షరములుగా కుదింతురు. మన ఇంటిపేరు మొదటనే యుండును. కావున చివరి మాటయైన సుబ్బారావే వంశనామముగా నెన్నబడి, తరతరముల యల్లాప్రగడ "వై" అను ఒక్క పొడి అక్షరముగా మిగిలెను. "రావు" అను మాటను వారు ఆర్, ఓ, డబ్ల్యు అని మదరాసు రాజధానిలోని పాత పద్ధతిని వ్రాసికొనిరి; మరియొకరు ఆర్, ఏ, ఓ అని దిద్దినచో వెదకువారికి దొరకుట కష్టము.

మన పొరుగువారైన తమిళులకును ఈ చిక్కు కలదు. మదరాసు విశ్వవిద్యాలయమునకు చెందిన జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గారలు 1963లో ప్రోటీనుల నిర్మాణమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీ 7వ సంపుటమున 95-99 పుటలలో నున్నది. "జి" యనగా గోపాలసముద్రమను ఊరు. "ఎన్" అనగా తండ్రిగారైన నారాయణ. రామచంద్రన్ అనునది పెట్టిన పేరే గాని వంశనామము గాదు. మన చెన్నపట్టణపు తెలుగు పిల్లలలో కొందరికి బడి పుస్తకమున ఇంటిపేరు పొడి అక్షరముగా నుండును, కొందరికి తండ్రి పేరు, కొందరికి రెండును. ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా వ్రాసికొన్న బిడ్డ రేపు శాస్త్రజ్ఞుడైనచో పట్టికలలో ముగ్గురు మనుష్యులగును! 2012 నుండి ఆర్కిడ్ అను సంస్థ పరిశోధకులకు 16 అంకెల గుర్తింపు సంఖ్య నిచ్చుచున్నది. అది మంచిదే. కాని తల్లిదండ్రులు మొదటనే ఒక రూపమును నిశ్చయించి, దానినే అన్ని పత్రములందును వ్రాయించుట అంతకంటె సులభము.

నా పొరపాటు నొకదానిని చెప్పెదను. చదువుకొను దినములలో ఒక వ్యాసమును చూడకయే, మరియొకరి పట్టికనుండి దాని ఆధారమును ఎత్తి వ్రాసితిని. అందు పుటసంఖ్యలో అంకెలు తారుమారై యున్నవి. పొరుగూరి మిత్రుడు దానిని నమ్మి గ్రంథాలయమునకు పోయి, పూటంతయు వెదకి, వట్టిచేతులతో మరలెను. అతడు వ్రాసిన కార్డులో కోపము లేదు, "నీవు చదివితివా?" అను ప్రశ్న మాత్రమే యుండెను. నాటినుండి కంటితో చూడనిదానిని నా పట్టికలో చేర్చలేదు. ఈనాడు కృత్రిమ మేధాయంత్రముల నడిగి పట్టికలు కూర్చుకొనువారు మరింత జాగ్రత్తగా నుండవలెను. ఆ యంత్రములు ఒక్కొక్కప్పుడు లేని వ్యాసమునకు పేరును, సంపుటమును, పుటలను సైతము కల్పించి ఇచ్చును. 2000వ సంవత్సరము నుండి వ్యాసములకు డి.ఓ.ఐ. అను స్థిరసంఖ్యలు ఇయ్యబడుచున్నవి; ఆ సంఖ్యతో వెదకి, వ్యాసము నిజముగా తెరచుకొనునో లేదో చూడవచ్చును.

ప్రదర్శనమునకు పనిచేయు విద్యార్థులు చిన్న నోటుపుస్తకము నొకదానిని దగ్గర నుంచుకొనుడు. గ్రంథమును మూయకముందే రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరము, పుట వ్రాసికొనుడు. ఇంటర్నెట్ పుటయైనచో దాని చిరునామాతో పాటు చూచిన తేదీని చేర్చుడు. ఆ పుటలు మారుచుండును. ఈ యేడు నివేదికలను నేను చివరి పుటనుండి చదువ మొదలు పెట్టుదును.