44 సీట్ల బరువెంత?

హైదరాబాద్‌లో మజ్లిస్ (ఎంఐఎం) పార్టీ గెలిచిన సీట్ల సంఖ్య పెద్దగా మారలేదు. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో అప్పుడున్న 150 డివిజన్లలో ఆ పార్టీకి 2009లో 43, 2016లో 44, 2020లో మళ్లీ 44 వచ్చాయి. వాటిలో ఎక్కువ పాతబస్తీవే. కానీ గణితాన్ని అడిగితే, 2016 నాటి 44కి బలం సున్నా అంటుంది. 2020 నాటి 44కి మూడో వంతు అంటుంది.

కార్పొరేటర్లనే లెక్కలోకి తీసుకుందాం. మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలు, ఎంపీల వంటి ఎక్స్‌అఫీషియో సభ్యులకూ ఓటుంటుంది గానీ, వాళ్లను కాసేపు పక్కన పెడదాం. 150లో సగం దాటాలంటే 76 కావాలి. 2016లో టీఆర్‌ఎస్‌కు 99 ఉన్నాయి. మిగతావాళ్లంతా ఏకమైనా 51. ఇక మజ్లిస్ ఎటు ఉంటే ఏం?

2020లో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. ఒంటరిగా ఎవరూ గట్టెక్కలేరు. పెద్ద పార్టీల్లో ఏ రెండు కలిసినా గట్టెక్కుతాయి: 104, 100, 92.

ఇలాంటి బలాన్ని కొలిచే పద్ధతిని బ్రిటన్‌లో లయొనెల్ పెన్‌రోజ్ 1946లోనే చెప్పాడు. 1965లో అమెరికన్ న్యాయవాది జాన్ బాంజాఫ్ దాన్ని మళ్లీ కనిపెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ముందు నెగ్గగల కూటములన్నీ రాయాలి. ఒక్కో కూటమిలో ఎవరు తప్పుకుంటే అది కూలుతుందో చూడాలి. ఎవరు ఎన్ని కూటములను కూల్చగలరో అదే వాళ్ల బలం. 2020 అంకెలతో చేస్తే మూడు పార్టీలకూ తలా 4 వస్తాయి, మొత్తం 12లో మూడో వంతు. అంటే 56 ఉన్నా, 44 ఉన్నా ఒకటే. కాంగ్రెస్ 2 సీట్లు ఏ కూటమిలోనైనా కూరలో కరివేపాకే.

సీట్లు రెండే కాబట్టి ఇలా అయిందనుకోకండి. న్యూయార్క్ దగ్గర నాసో కౌంటీ బోర్డులో 1964లో ఆరుగురికి 31, 31, 28, 21, 2, 2 ఓట్లుండేవి. నెగ్గడానికి 58 కావాలి. 21 ఓట్లున్న నార్త్ హెంప్‌స్టెడ్ పట్టణం బలమూ సున్నాయే! బాంజాఫ్ కోపమంతా దీని మీదే.

మరి ఈ లెక్క నేల మీద పనిచేస్తుందా? 2009లో కాంగ్రెస్ 52, టీడీపీ 45, మజ్లిస్ 43. మొదట కాంగ్రెస్ నుంచి బండ కార్తీకరెడ్డి మేయరయ్యారు. కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం ప్రకారం 2012 జనవరిలో ఆ కుర్చీ మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్‌కు దక్కింది. మూడో స్థానంలో ఉన్న పార్టీకి!

2021 ఫిబ్రవరి 11న అలా జరగలేదు. మజ్లిస్ మద్దతు ఇచ్చింది, టీఆర్‌ఎస్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. డిప్యూటీ మేయర్ పదవీ టీఆర్‌ఎస్‌కే పోయింది. ఎక్స్‌అఫీషియో ఓట్లు కూడా ఆ పార్టీకే ఎక్కువన్నది నిజమే. కానీ అసలు కారణం వేరని నా అనుమానం. బాంజాఫ్ లెక్కకు పగలూ పట్టింపులూ తెలియవు. బీజేపీ, మజ్లిస్ కలిసిన 92 కాగితం మీది మాట. ఆ రెండూ కలిసి ఉండే కూటములన్నీ కొట్టేస్తే మిగిలిన ప్రతి కూటమికీ టీఆర్‌ఎస్సే ఆధారం. దాని బలం సగానికి పెరుగుతుంది, మజ్లిస్‌ది పావుకు పడుతుంది. లేచిపోతానని బెదిరించాలంటే పోయేందుకు ఇంకో ఇల్లుండాలి కదా!

మీ అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికల్లోనూ ఈ లెక్క వేసుకోవచ్చు. ముందు చచ్చినా కలవని జతలను కొట్టేయండి. అలవాటు కోసం ఒక చిన్న లెక్క: 2009లో ఆ మూడు పార్టీలూ పోగా మిగిలినవి 10 సీట్లు. అవన్నీ ఒకే జట్టయితే దాని బలం ఎంత? 52కి 10 కలిపి మొదలుపెట్టండి.